కంతులు తప్పిన కారు: ఒప్పందాన్ని ముందుగా ముగించడం ఎలా?



ఈ రోజు ప్రసంగం అప్పు మీద కారు కొన్నవాళ్లను గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, కారు కొని, కొన్నాళ్లు సక్రమంగా కంతులు కట్టి, ఆ తర్వాత చేతిలో ఆడక రెండు మూడు నెలలు నిలిపేసినవాళ్లను గురించి. "ఈ బండీ వద్దు, ఈ బాకీ వద్దు, ఇంతటితో వదిలించుకుంటే చాలు" అని అనుకునే స్థితిలో ఉన్నవాళ్లు మన జిల్లాలో తక్కువ మంది లేరు. అలా వదిలించుకోవడానికి దారి ఉందా? ఉంటే ఏది మేలైనది? ఏ దారిలో గుంటలున్నాయి? ఈ విషయాలు మనవి చేస్తాను.

కంతు అనేది నెలజీతం చుట్టూ అల్లిన ఏర్పాటు. ప్రతి నెలా ఒకే తేదీన, ఒకే మొత్తం కట్టాలి. కోలారు బంగారు గనుల ప్రాంతానికి ఈ నెలజీతం చాలాకాలం అలవాటు. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చిన నాటి నుంచి, భారత్ గోల్డ్ మైన్స్ 2001 ఫిబ్రవరి 28న మూతపడే దాకా, ఈ ఊళ్లలో తరతరాల కుటుంబాలు గని జీతం మీదే బతికాయి. ఆ తర్వాత రోజులు మారాయి. మారికుప్పం నుంచి, ఊరుగాం నుంచి, బంగారుపేట నుంచి తెల్లవారుజామునే రైలెక్కి బెంగళూరుకు పనికి పోయేవాళ్లు వేలల్లో ఉన్నారు. కోలారు మార్కెట్టుకు టమాటా తోలేవాళ్లు, శ్రీనివాసపురం మామిడి సీజనును నమ్ముకున్నవాళ్లు, ఫ్యాక్టరీలకు ఆళ్లను చేరవేసే బండ్లు పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. వీళ్ల రాబడి ఒక నెల ఉన్నట్టు ఇంకో నెల ఉండదు. టమాటా ధర పడిపోయిన నెలలో కూడా కంతు తేదీ మాత్రం తప్పకుండా వస్తుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ముందుగా ఒక్క విషయం తేల్చుకోవాలి. మీరు సంతకం పెట్టిన కాగితం ఏది? కారు ఫైనాన్సు ప్రధానంగా రెండు రకాలు. మొదటిది హైర్ పర్చేజ్. ఇందులో కారు కంపెనీదే. మీరు అద్దె కడుతూ వాడుకుంటారు, చివరి కంతు కట్టాక అది మీ సొంతమవుతుంది. రెండోది హైపోథికేషన్, అంటే అప్పు. ఇందులో కారు మొదటి రోజు నుంచీ మీదే. కాకపోతే అప్పుకు తాకట్టుగా ఉంటుంది. ఇప్పుడు బ్యాంకులూ, ఫైనాన్స్ కంపెనీలూ ఇచ్చేవి ఎక్కువగా ఈ రెండో రకమే. రెండింటిలోనూ ఆర్.సి.లో ఫైనాన్సు చేసినవాళ్ల పేరు నమోదై ఉంటుంది. అది 1988 నాటి మోటారు వాహనాల చట్టం 51వ సెక్షను ప్రకారం జరిగే పని.

"కారు తిరిగి ఇచ్చేస్తే బాకీ తీరిపోతుంది గదా" అని చాలామంది అనుకుంటారు. బ్రిటన్‌లో అలాంటి హక్కు కొంతవరకు ఉంది. అక్కడి 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం ప్రకారం, హైర్ పర్చేజ్ మీద కారు తీసుకున్నవాడు మొత్తం ధరలో సగం కట్టి ఉంటే, కారు అప్పగించి ఒప్పందాన్ని తానే ముగించుకోవచ్చు. పాత కంతులు తప్పినా ఆ హక్కు పోదు. తప్పిన కంతుల బాకీ మాత్రం కట్టాలి. అయితే కంపెనీ తానే ముందుగా ఒప్పందాన్ని రద్దు చేస్తే ఆ హక్కు చేజారిపోతుంది. మూడో వంతు కట్టినవాడి బండిని కోర్టు ఉత్తర్వు లేకుండా పట్టుకుపోకూడదు.

మన దేశంలో కూడా ఇటువంటి చట్టం ఒకటి తయారైంది. 1972లో పార్లమెంటు హైర్ పర్చేజ్ చట్టం చేసింది. నోటీసు ఇచ్చి ఒప్పందం ముగించే హక్కు, ముందుగా కట్టేస్తే వడ్డీలో తగ్గింపు, నిర్ణీత భాగం కట్టాక కోర్టు ద్వారా తప్ప బండిని వెనక్కి తీసుకోరాదన్న నియమం, ఇవన్నీ అందులో ఉన్నాయి. కాని ఆ చట్టం అమలుకు నోచుకోలేదు. చివరికి 2005లో దాన్ని రద్దు చేశారు. అందువల్ల మన దగ్గర సగం కట్టాం గనుక కారు ఇచ్చేసి చేతులు దులుపుకుంటామనడానికి చట్టం ఇచ్చిన హక్కు లేదు. మనకున్న ఆధారాలు మూడు. ఒకటి, సంతకం పెట్టిన ఒప్పందం. రెండు, రిజర్వు బ్యాంకు నియమాలు. మూడు, కోర్టులు ఇచ్చిన తీర్పులు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఇది మాట వరసకు వేసిన లెక్క. ఆరు లక్షల రూపాయల అప్పు, అయిదేళ్ల గడువు, తగ్గుతూ పోయే అసలు మీద నూటికి ఏడాదికి 12 రూపాయల వడ్డీ. నెలకు కంతు దాదాపు 13,347 రూపాయలు. రెండేళ్లు, అంటే 24 కంతులు తప్పకుండా కట్టారు. చేతి నుంచి పోయింది దాదాపు 3 లక్షల 20 వేలు. సగానికి పైగా తీరిపోయి ఉంటుందని ఆశపడతాం. కాని తీరిన అసలు 1 లక్షా 98 వేలే. ఇంకా 4 లక్షల 2 వేలు మిగిలే ఉంది. మొదటి ఏళ్లలో కంతులో వడ్డీ భాగం ఎక్కువ, అసలు భాగం తక్కువ. ఈ సంగతి ముందుగా తెలియకపోవడం వల్లనే ముగింపు లెక్క చేతికి వచ్చినప్పుడు గుండె జారిపోతుంది.

ఇందులోనే ఇంకో మాట. కొందరు "మా దగ్గర వడ్డీ నూటికి 7 రూపాయలే" అంటారు. అది ఫ్లాట్ వడ్డీ కావచ్చు. అసలు తగ్గుతున్నా మొదటి ఆరు లక్షల మీదే అయిదేళ్లూ వడ్డీ వేస్తారు. అయిదేళ్ల అప్పుకు 7 శాతం ఫ్లాట్ వడ్డీ అంటే, నిజానికి పన్నెండున్నర శాతంతో సమానం. 2024 అక్టోబరు 1 నుంచి కొత్తగా తీసుకునే ఇటువంటి అప్పులకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో అందులో ఉంటుంది. ఆ కాగితం అడిగి తీసుకోండి.

మన లెక్కలోని మనిషి 24 కంతులు కట్టిన తర్వాత నాలుగు నెలలు ఆపేశాడనుకుందాం. తప్పిన కంతులు 53 వేల పైచిలుకు. ఇంకా గడువు రాని అసలు 3 లక్షల 64 వేలు. రెండూ కలిపి దాదాపు 4 లక్షల 17 వేలు. దీనికి ఆలస్యపు చార్జీలూ, బ్యాంకులో కంతు తిరిగిపోయినందుకు చార్జీలూ కలుస్తాయి. అవి 6 వేలనుకుంటే, మొత్తం 4 లక్షల 23 వేలు. ముందుగా ముగించినందుకు ఒప్పందంలో చార్జీ రాసి ఉంటే అదీ కలుస్తుంది.

ఇక్కడ రెండు నియమాలు గుర్తుంచుకోవాలి. ఆలస్యానికి వేసేది వడ్డీ రేటు పెంచి వసూలు చేసే అపరాధ వడ్డీగా ఉండకూడదని, విడిగా న్యాయమైన చార్జీగానే ఉండాలని, ఆ చార్జీ మీద మళ్లీ వడ్డీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. అది 2024 నుంచి అమలులోకి వచ్చింది. రెండోది, సొంత అవసరానికి మనిషి పేరున తీసుకున్న మారే వడ్డీ అప్పును ముందుగా తీర్చినందుకు చార్జీ వేయకూడదు. కాని కారు అప్పుల్లో ఎక్కువ భాగం మారని వడ్డీవి. కనుక మీ ఒప్పందంలో ఏ రకం వడ్డీ రాసి ఉందో చూసుకోండి.

సరే, ఈ బాకీ నుంచి బయటపడే దారులు ఏవి?

మొదటి దారి, ముందుగా మాట్లాడడం. ఒక కంతు తప్పగానే ఆఫీసుకు వెళ్లి కారణం చెప్పి, గడువు పొడిగించమని రాతమూలకంగా అడగాలి. బ్యాంకుల్లో 90 రోజులు బాకీ నిలిస్తే ఆ అప్పు మొండి బాకీల లెక్కలో చేరుతుంది. ఆ తర్వాత మాట్లాడేవాళ్లు మారిపోతారు, మాట తీరూ మారిపోతుంది. ఫోను తీయకుండా దాక్కోవడం వల్ల ఒక్క రూపాయి కూడా తగ్గదు.

రెండో దారి, కంపెనీ ఒప్పుకోలుతో కారును మీరే అమ్మడం. నా ఉద్దేశంలో చాలామందికి ఇదే మేలైన దారి. ముందుగా కంపెనీని ముగింపు లెక్క అడగాలి. ఫలానా తేదీ వరకు ఇంత కడితే ఖాతా మూసేస్తామని వాళ్లు కాగితం మీద ఇస్తారు. అందులో అసలెంత, వడ్డీ ఎంత, చార్జీలెంత అని విడివిడిగా ఉండాలి. ఆ కాగితం చేతిలో పెట్టుకుని కొనేవాణ్ణి వెతకాలి. కొనేవాడు సొమ్మును నేరుగా అప్పు ఖాతాకు కట్టాలి. కంపెనీ నిరభ్యంతర పత్రం ఇచ్చాక ఆర్.టి.ఓ. ఆఫీసులో పేరు మారాలి.

మూడో దారి, కారును కంపెనీకి అప్పగించడం. ఇందులో జాగ్రత్త కావాలి. అప్పగిస్తే కారు పోతుంది గాని బాకీ పోదు. వాళ్లు వేలం వేసి వచ్చిన సొమ్మును బాకీలో జమ చేసి, తక్కువ పడింది మిమ్మల్నే అడుగుతారు. మన లెక్కలో 4 లక్షల 23 వేల బాకీకి వేలంలో 3 లక్షల 40 వేలు వచ్చి, అందులో యార్డు ఖర్చులూ, తోలిన ఖర్చులూ 15 వేలు పోతే జమ అయ్యేది 3 లక్షల 25 వేలు. కారు లేకపోగా ఇంకా 98 వేలు కట్టాలి. అదే కారును తానే 4 లక్షల 20 వేలకు అమ్ముకుని ఉంటే, ముగింపు చార్జీ 14 వేలు పడ్డా, చేతి నుంచి వేసుకోవలసింది 17 వేలే. వేలంలో పడే ధర మన చేతిలో ఉండదు. అందుకే అప్పగించే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఈ కారుతో ఖాతా పూర్తిగా మూసేస్తారా, లేక మిగిలింది అడుగుతారా?" జవాబు కాగితం మీద రావాలి. కారు అప్పగించేటప్పుడు కిలోమీటర్ల రీడింగు, టైర్లు, స్టెప్నీ, బ్యాటరీ పరిస్థితి రాయించి, సంతకంతో రసీదు తీసుకోండి. ఫొటోలు తీసి పెట్టుకోండి.

నాలుగో దారి, రాజీ. బాకీలో కొంత తగ్గించి ఒకే మొత్తంగా తీసుకోవడానికి కంపెనీలు ఒక్కోసారి ఒప్పుకుంటాయి. కాని ఇది వాళ్ల ఇష్టం, మన హక్కు కాదు. పైగా క్రెడిట్ రిపోర్టులో 'పూర్తిగా తీరింది' అని కాకుండా 'రాజీ అయింది' అని పడుతుంది. రేపు ఇల్లు కట్టడానికో, పిల్లల చదువుకో అప్పుకు వెళ్లినప్పుడు ఆ మాట అడ్డు తగులుతుంది. అయినా వేరే గతి లేనివాళ్లకు రాజీయే మేలు. రాజీ పత్రం రాకుండా మాత్రం ఒక్క రూపాయీ కట్టవద్దు. వసూలుకు వచ్చిన మనిషి చేతికి నగదు ఇవ్వవద్దు.

ఇక అయిదో దారి ఒకటి మన వైపు బాగా వాడుకలో ఉంది. దాన్ని దారి అనకూడదు, గొయ్యి అనాలి. తెలిసినవాడికి కారు ఇచ్చి, కొంత డబ్బు పుచ్చుకుని, "మిగతా కంతులు నువ్వే కట్టుకో" అనడం. స్టాంపు కాగితం మీద రాసుకుంటారు, సాక్షులు సంతకాలు పెడతారు. కాని కంపెనీకి తెలియదు, ఆర్.టి.ఓ. ఆఫీసుకు తెలియదు. అతడు రెండు కంతులు కట్టి మానేస్తే నోటీసు వచ్చేది మీ ఇంటికే. అతడు ములబాగలు రోడ్డులో ఎవరినో గుద్దితే? రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే చట్టం దృష్టిలో యజమాని అతడేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో స్పష్టం చేసింది. ఇన్సూరెన్స్ లేకపోతే నష్టపరిహారం మీ నెత్తిన పడుతుంది. తాకట్టులో ఉన్న బండిని చెప్పకుండా చేతులు మార్చినందుకు నమ్మకద్రోహం కేసు కూడా రావచ్చు.

ఇప్పుడు బండిని బలవంతంగా తీసుకుపోవడం గురించి. ఒప్పందంలో రాసి ఉంటే, కంతులు తప్పినప్పుడు బండిని స్వాధీనం చేసుకునే హక్కు కంపెనీకి ఉంటుంది. 2020లో మాగ్మా ఫిన్‌కార్ప్ కేసులో సుప్రీంకోర్టు ఈ హక్కును ఒప్పుకుంది. ఒప్పందం ప్రకారం ఇవ్వవలసిన నోటీసు ఇవ్వకపోతే అది సేవాలోపమేనని కూడా చెప్పింది. అయితే హక్కు ఉన్నంత మాత్రాన దౌర్జన్యం చేయడానికి లేదు. వసూలుకు గూండాలను పంపరాదని 2007లో ప్రకాశ్ కౌర్ కేసులోనూ, హైర్ పర్చేజ్ అయినా బలప్రయోగంతో బండి తీసుకోరాదని 2011 నాటి తీర్పులో సిటీకార్ప్ మారుతి ఫైనాన్స్ కేసులోనూ అదే కోర్టు చెప్పింది. ఎంత ముందుగా నోటీసు ఇస్తారు, బండిని ఎలా స్వాధీనం చేసుకుంటారు, అమ్మే ముందు బాకీ కట్టడానికి ఆఖరి అవకాశం ఎలా ఇస్తారు అన్నవి ఒప్పందంలోనే ఉండాలని రిజర్వు బ్యాంకు 2009లో ఫైనాన్స్ కంపెనీలను ఆదేశించింది. ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తర్వాత బాకీ కోసం ఫోన్లు చేయరాదని, బెదిరించరాదని, బంధువుల ముందు అవమానించరాదని 2022 ఆగస్టు ఆదేశంలో ఉంది.

వచ్చినవాళ్లను గుర్తింపు కార్డు, కంపెనీ ఇచ్చిన అధికార పత్రం చూపమని అడగండి. నడిరోడ్డులో తాళంచెవి లాక్కుంటే, చేయి చేసుకుంటే, అది పోలీసులకు ఫిర్యాదు చేయవలసిన విషయం. అలాగని మనం కూడా చేయి ఎత్తకూడదు. బండిని ఊరు దాటించి దాచకూడదు. దానివల్ల మన న్యాయం కూడా అన్యాయంగా మారుతుంది.

నోటీసుల సంగతి ఒక మాట. చెక్కు తిరిగిపోయి వచ్చిన నోటీసుకు, అందిన 15 రోజుల్లోగా సొమ్ము కట్టకపోతే కేసు వేయవచ్చు. బ్యాంకు నుంచి కంతు నేరుగా మినహాయించుకునే ఏర్పాటు విఫలమైనా 2007 నాటి చట్టం కింద అదే తీరు. చాలా ఒప్పందాల్లో మధ్యవర్తి ద్వారా పరిష్కారం అనే షరతు ఉంటుంది. చెన్నై నుంచో ముంబై నుంచో మధ్యవర్తి నోటీసు వస్తే, అర్థం కాలేదని మూల పడేయకండి. మీరు పలకకపోతే ఏకపక్షంగా తీర్పు వస్తుంది, అది కోర్టు డిక్రీలాగే అమలవుతుంది. తగాదాలో తనకు సంబంధం ఉన్న పక్షం ఒంటరిగా మధ్యవర్తిని నియమించకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ అభ్యంతరం చెప్పాలన్నా ముందు మనం హాజరు కావాలి. హామీ సంతకం పెట్టినవాళ్లకూ ఒక మాట. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీదారు బాధ్యతా అంతే. బావమరిది గదా అని సంతకం పెట్టినవాడు కూడా నోటీసు చదువుకోవాలి.

ఖాతా మూసేశాక పని అయిపోయిందనుకోవద్దు. మూడు కాగితాలు తీసుకోవాలి. బాకీ లేదన్న పత్రం ఒకటి. ఫైనాన్సు నమోదును తొలగించమని కంపెనీ సంతకం చేసిన 35వ నెంబరు ఫారం ఇంకొకటి. ఖాతా మూసినట్టు చూపే చివరి లెక్క మూడోది. ముందుగా ఇచ్చిన ఖాళీ చెక్కులు ఉంటే వాటినీ వెనక్కి అడగండి. కోలారు కె.ఎ. 07 బండ్లు అక్కడ, కె.ఎ. 08 బండ్లు కె.జి.ఎఫ్. ఆర్.టి.ఓ. ఆఫీసులో ఈ ఫారం ఇచ్చి, ఆర్.సి.లో కంపెనీ పేరు తీయించుకోవాలి. సొంత వాడకం కారు అప్పు తీరిన 30 రోజుల్లోగా కాగితాలు తిరిగి ఇవ్వాలని, తమ తప్పువల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023లో నియమం పెట్టింది.

సరిహద్దు ఊళ్లవాళ్లకు ఇంకో మెలిక ఉంది. కె.జి.ఎఫ్.లో కొన్న కారును కుప్పంలోనో, పలమనేరులోనో, వి.కోటలోనో ఏడాదికి మించి ఉంచుకుంటే అక్కడ కొత్త రిజిస్ట్రేషన్ కావాలి. దానికి ఇక్కడి ఆర్.టి.ఓ. నుంచి 28వ నెంబరు ఫారంలో నిరభ్యంతర పత్రం, ఆర్.సి.లో ఫైనాన్సు నమోదై ఉంటే కంపెనీ ఒప్పుకోలు రెండూ కావాలి. ఆంధ్ర వైపు మనిషికి కారు అమ్మేటప్పుడు దీనిని లెక్కలో పెట్టుకోండి. లేకపోతే కొన్నవాడు పేరు మార్చుకోడు, మీ పేరు ఆర్.సి.లో అలాగే ఉండిపోతుంది.

అన్యాయం జరిగిందనిపిస్తే ముందుగా కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు. 14448 నెంబరుకు ఫోను చేస్తే వివరాలు చెబుతారు. కోలారులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఉచిత న్యాయసహాయానికి జిల్లా న్యాయసేవల ప్రాధికారం ఉంది, దాని దేశవ్యాప్త నెంబరు 15100. కోర్టుకు పోకముందే లోక్ అదాలత్‌లో కూర్చుని తేల్చుకునే వీలు కూడా ఉంది.

అప్పు చేయడం తప్పు కాదు. అది తీర్చలేని రోజు రావడం అవమానమూ కాదు. గని మూతపడితే, పంట ధర పడిపోతే, ఇంట్లో ఒకరికి జబ్బు చేస్తే ఎంత లెక్కగా బతికేవాడికైనా కంతు తప్పుతుంది. అయితే కంతు తప్పిన మరుసటి రోజే లేచి ఆఫీసుకు వెళ్లినవాడికి నాలుగు దారులు కనిపిస్తాయి. ఆరు నెలలు దాక్కున్నవాడికి యార్డు దారి ఒక్కటే మిగులుతుంది. మీ ఇంట్లో ఆ ఒప్పందం కాగితం ఎక్కడుందో ఈ రాత్రే వెతికి తీయండి. చదవడం రాకపోతే చదువుకున్న పిల్లల చేత చదివించుకుని, ముగింపు చార్జీ, నోటీసు, స్వాధీనం, మధ్యవర్తి అన్న నాలుగు షరతుల దగ్గర గీత గీసి పెట్టుకోండి.